గట్టి ట్రైల్ మీద స్నోమొబైల్ వేడెక్కకుండా: ఐస్ స్క్రాచర్ల ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ అప్పర్ పెనిన్సులా, కెనడాలోని ఒంటారియో, క్విబెక్‌లలో స్నోమొబైల్ (ముందు స్కీలు, వెనక ట్రాక్ అనే తిరిగే రబ్బరు పట్టీ ఉన్న మంచు బండి) వేసుకుని ట్రైళ్ల మీద తిరిగేవాళ్లకు సీజన్ రెండో సగంలో ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. మంచుకు కొదవ ఉండదు, కానీ అది వదులుగా ఉండదు. పగటి ఎండకు కాస్త కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టి, గ్రూమర్ (మంచు దారిని చదును చేసే యంత్రం) తొక్కిన దారంతా సిమెంటు గచ్చులా తయారవుతుంది. ఈ ప్రశ్నలన్నీ ఆ గచ్చు గురించే, దాన్ని గీకి మంచు తురుము లేపడానికి బండికి బిగించే ఐస్ స్క్రాచర్ల గురించే.

చుట్టూ ఇంత చలి ఉంటే స్నోమొబైల్ ఎందుకు వేడెక్కుతుంది?

కారుకు ఉన్నట్టు ముందు పెద్ద రేడియేటరు, ఫ్యాను చాలా లిక్విడ్ కూల్డ్ స్నోమొబైళ్లకు ఉండవు. ఇంజన్‌లో వేడెక్కిన కూలెంట్ సీటు కింద, ట్రాక్‌కు పైకప్పులా ఉండే టన్నెల్‌కు బిగించిన అల్యూమినియం హీట్ ఎక్స్చేంజర్లలోకి వెళుతుంది. ట్రాక్ తిరుగుతూ ఎగజిమ్మే మంచు వాటి అడుగున తగిలి కరుగుతుంది. ఆ కరగడంలోనే కూలెంట్ వేడి దిగిపోతుంది.

లెక్క చూడండి. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. ఒక కిలో నీటిని 80 డిగ్రీలు చల్లారిస్తే దాదాపు అంత వేడి పోతుంది. ఇంజన్ సెకనుకు 30 కిలోజౌళ్లు కూలెంట్‌లోకి వదులుతోందనుకుంటే, ఆ వేడంతా మంచే లాగేయాలంటే సెకనుకు 90 గ్రాములు, అంటే నిమిషానికి 5 కిలోలకు పైగా మంచు టన్నెల్ కింద కరగాలి. గాలి కొంత సాయం చేస్తుంది, కానీ కరిగే మంచు ముందు దాని సాయం చాలా తక్కువ. అందుకే మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా, కింద వదులు మంచు లేకపోతే టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కుతుంది.

ఇంజన్ టెంపరేచర్ మామూలుగానే ఉంది. అయినా స్క్రాచర్లు దించాలా?

దించాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంజన్ కంటే ముందు దెబ్బతినేది హైఫాక్స్.

ట్రాక్ లోపల రెండు అల్యూమినియం స్లయిడ్ రెయిళ్లు ఉంటాయి. వాటి అడుగున తొడిగిన పొడవాటి ప్లాస్టిక్ పట్టీలే హైఫాక్స్. కొందరు వీటినే స్లయిడర్లంటారు. ట్రాక్‌కున్న స్టీలు క్లిప్పులు ఈ పట్టీల మీద జారుతూ పోతాయి. మంచు పొడి, దాని నుంచి వచ్చే పలచటి నీటిపొర మధ్యలో ఉన్నంతసేపు రాపిడి తక్కువ. ఆ తడి ఆరిపోతే స్టీలు నేరుగా ప్లాస్టిక్‌ను రుద్దుతుంది. హైఫాక్స్‌కు సాధారణంగా వాడే యూహెచ్ఎండబ్ల్యూ పాలిథిలిన్ 130 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరుగుతుంది, అంతకంటే ముందే మెత్తబడుతుంది. కూలెంట్ గేజీకి ఈ వేడి తెలియదు. దాన్ని కొలిచే సెన్సర్ బండిలో ఎక్కడా లేదు.

కరిగిన హైఫాక్స్‌ను ఒకసారి చూస్తే మళ్లీ మరిచిపోరు. పట్టీ అడుగు అద్దంలా మెరుస్తుంటుంది, అంచుల వెంట కొవ్వొత్తి కారినట్టు పలచటి ప్లాస్టిక్ రేకులు వేలాడుతుంటాయి, క్లిప్పుల మీద నల్లటి పూత అంటుకుని ఉంటుంది. ప్రయాణంలో దీని తొలి గుర్తు కాలిన ప్లాస్టిక్ వాసన. తర్వాత బండిని ఎవరో వెనక్కి పట్టుకున్నట్టుంటుంది, అదే వేగానికి ఎక్కువ థ్రాటిల్ ఇవ్వాల్సి వస్తుంది. ఆ స్థితిలో ఆపితే మెత్తబడ్డ ప్లాస్టిక్ చల్లారి క్లిప్పులకు అతుక్కుంటుంది. మళ్లీ కదిలించేటప్పుడు ముక్కలుగా ఊడి వస్తుంది.

స్క్రాచర్ సరిగ్గా ఏం చేస్తుంది?

కొబ్బరి చిప్పను కోరినట్టు గట్టి మంచును కోరుతుంది. చివర కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) ముక్క అతికించిన స్ప్రింగు తీగ గానీ ఉక్కు తాడు గానీ ట్రాక్ పక్కన నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. లేచిన తురుమును ట్రాక్ పట్టుకుని లోపలికి, పైకి విసురుతుంది. కొంత క్లిప్పులకూ హైఫాక్స్‌కూ మధ్య చేరుతుంది, కొంత హీట్ ఎక్స్చేంజర్లకు తగులుతుంది. వెనక్కి తిరిగి చూస్తే ట్రాక్ అచ్చుకు రెండు పక్కలా రెండు సన్నటి గీతలు కనిపించాలి.

ఎన్ని రకాలు దొరుకుతాయి? ఏది దేనికి బాగుంటుంది?

ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, రెయిల్‌కు బిగించే కాయిల్ స్ప్రింగు తీగ. బిగించే చోట తీగను కాయిల్‌లా చుట్టి ఉంటారు, అక్కడి నుంచి అది ట్రాక్ అంచు దాటి బయటికి, కిందికి, వెనక్కి వంగి వస్తుంది. గట్టి ఐసు మీద ఇదే బాగా కొరుకుతుంది. తురుము సరిగ్గా ట్రాక్ పక్కనే లేస్తుంది కాబట్టి వృథా తక్కువ. ట్రైల్ మీదే ఎక్కువగా తిరిగేవాళ్లకు మా మొదటి సిఫారసు ఇదే. దీని బలహీనత రివర్స్. పాత పద్ధతి తీగ ముందుకు పోతున్నప్పుడు మాత్రమే వంగుతుంది. రివర్స్‌కూ తట్టుకునేలా కాయిల్ మార్చినవి ఇప్పుడు దొరుకుతున్నాయి. కొంచెం ఖరీదు ఎక్కువైనా అవే తీసుకోండి.

రెండోది కేబుల్ రకం. తీగ బదులు మందపాటి ఉక్కు తాడు, దాని చివర కార్బైడ్ ముక్క. ఏ వైపు తోసినా వంగుతుంది కాబట్టి రివర్స్‌లో, చెట్టు మొదళ్ల దగ్గర, రాళ్ల మీద దీనికి ప్రమాదం తక్కువ. ట్రైల్, కొండ రెండూ తిరిగేవాళ్లకూ, మాటిమాటికీ వెనక్కి తీసేవాళ్లకూ ఇది మంచిది. కానీ అద్దంలాంటి ఐసు మీద స్ప్రింగు తీగంత బలంగా ఒత్తదు, పైపైన జారుతుంది. వాడగా వాడగా తాడు ఒకవైపుకు వంకర తిరిగి అలాగే ఉండిపోతుంది, పోగులు విచ్చుకోవడం మొదలవుతుంది.

మూడోది స్కీకి బిగించేది. రెయిల్‌కు రంధ్రం వేయడం ఇష్టం లేనివాళ్లకు, రెయిల్ మీద చోటు లేని బండ్లకు పనికొస్తుంది. ఇది తురుమును ట్రాక్‌కు చాలా ముందే లేపుతుంది. అందులో కొంత గాలికి పక్కకు పోతుంది, కొంత మీ బూట్ల మీద పడుతుంది. ఒక్కదాన్నే నమ్ముకోవడం కంటే, బాగా వేడెక్కే బండికి రెయిల్ స్క్రాచర్లతో పాటు అదనంగా పెట్టుకుంటే దీని విలువ తెలుస్తుంది.

నా బండికి ఏది?

121 నుంచి 137 అంగుళాల పొడవు ట్రాక్ ఉన్న ట్రైల్ బండి అయితే రివర్స్ తట్టుకునే కాయిల్ రకం. పొడవాటి టూరింగ్ బండి, ఇద్దరు కూర్చుని సామాను కట్టుకుని వెళ్లేది అయినా అదే. బరువు పెరిగే కొద్దీ హైఫాక్స్ మీద ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి దించడంలో ఆలస్యం చేయకండి.

మౌంటెన్ బండి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ట్రైల్ మీద అన్నిటికంటే ఇబ్బంది పడేది ఇదే. బరువు తగ్గించడానికి హీట్ ఎక్స్చేంజర్లను చిన్నవి చేస్తారు, రెయిళ్ల మీద చక్రాలు తగ్గిస్తారు. లోతైన పొడి మంచులో పెద్ద ఎక్స్చేంజర్లు, ఎక్కువ చక్రాలు అక్కర్లేదు కూడా. కానీ ఆ పొడి మంచు దాకా చేరాలంటే ముందు పార్కింగ్ నుంచి కొన్ని మైళ్లు గట్టి ట్రైల్ దాటాలి. రెండున్నర, మూడు అంగుళాల లగ్గులు (ట్రాక్ మీది రబ్బరు పళ్లు) గట్టి నేలలో దిగబడవు, కొనల మీదే నిలబడి నడుస్తాయి, పైకి దాదాపు ఏమీ తేవు. టర్బో ఉంటే వేడి ఇంకా ఎక్కువ. ఇలాంటి బండికి స్క్రాచర్లు తప్పనిసరి సామాను కిందే లెక్క. కేబుల్ రకం గానీ, రివర్స్ తట్టుకునే కాయిల్ గానీ పెట్టండి. రెయిల్ ఆకారం మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీ మోడల్ పేరు, సంవత్సరం ఉన్న కిట్టే కొనండి. అన్నిటికీ సరిపోతుందని రాసి ఉన్న కిట్ మీ రెయిల్‌కు సరిపోతుందో లేదో పెట్టి చూశాకే డ్రిల్లు తీయండి.

ట్రాక్‌కు స్టడ్లు (పట్టు కోసం బిగించే లోహపు మేకులు) ఉంటే అవే కొంత ఐసును చిదుముతాయి. దానివల్ల ఊరట ఉంటుంది, కానీ స్క్రాచర్ల అవసరం పోదు. రేడియేటరు, ఫ్యాను ఉన్న యుటిలిటీ బండ్లకూ, 550 సీసీ తరగతి ఫ్యాన్ కూల్డ్ బండ్లకూ ఇంజన్ భయం తక్కువ. వాటికీ హైఫాక్స్ మాత్రం అదే ప్లాస్టిక్.

రివర్స్‌లో అసలు ఏం జరుగుతుంది?

ముందుకు పోతున్నప్పుడు తీగ కొన వెనక్కి వాలి, నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. వెనక్కి తీస్తే అదే కొన గునపంలా నేలలో గుచ్చుకుంటుంది. బండి బరువంతా దాని మీదికి వస్తుంది. తీగ వంగి ట్రాక్ కిందికి మడతపడుతుంది, లేదా విరుగుతుంది, లేదా ట్రాక్ అంచును చీలుస్తుంది. రెయిల్‌కు వేసిన రంధ్రం సాగిపోయినా ఆశ్చర్యం లేదు. ట్రాక్ ధర ముందు స్క్రాచర్ల ధర ఏపాటిది!

ఇది అంత తేలిగ్గా జరగడానికి కారణం ఉంది. స్కీ-డూ బండ్లలో ఆర్‌ఈఆర్, పోలారిస్ బండ్లలో పెర్క్ అనే పద్ధతుల్లో టూ-స్ట్రోక్ ఇంజన్ తానే ఎదురు దిశలో తిరుగుతుంది. ఒక బటన్ నొక్కితే చాలు. గేరు మార్చే పని లేదు కాబట్టి ఆలోచించే వ్యవధి కూడా ఉండదు. రివర్స్ తట్టుకుంటుందని తయారీదారు స్పష్టంగా రాయని స్క్రాచర్లయితే, దిగి రెండు వైపులా పైకి తగిలించాకే బటన్ ముట్టండి. తట్టుకునేవి అయినా రెండు మూడు మీటర్లు మెల్లగా జరపడం వరకే. వెనక్కి తీస్తూ మలుపు తిప్పితే అవీ వంగుతాయి.

బిగించడం ఇంట్లో చేసుకోవచ్చా? ఎక్కడ తప్పుతారు?

డ్రిల్లు పట్టడం వచ్చినవాళ్లు గంటన్నరలో చేసుకోగలరు. తాళంచెవి తీసేసి, టెథర్ (ఊడితే ఇంజన్ ఆగిపోయే తాడు) ఊడదీసి, బండి వెనక భాగాన్ని స్టాండు మీద ఎత్తండి. ట్రాక్ నేలకు తగలకుండా వేలాడాలి.

స్థలం ఎంచుకోవడమే అసలు పని. ముందు వంపు నుంచి కిందికి దిగిన రెయిల్ చదునుగా మారబోయే చోటు సాధారణంగా సరిపోతుంది. కిట్‌తో వచ్చిన కాగితంలో మీ మోడల్‌కు కొలత ఇచ్చి ఉంటే అదే పాటించండి. కుడి, ఎడమ వేర్వేరు. కొన వెనక్కి చూసేలా పెట్టండి. రంధ్రం వేయకముందే స్క్రాచర్‌ను చేత్తో ఆ చోట పట్టుకుని మూడు సంగతులు చూడాలి. దించినప్పుడు తీగ ట్రాక్ అంచుకు కనీసం వేలు దూరేంత ఎడంగా ఉందా? పైకి తగిలించినప్పుడు కొక్కెంలో గట్టిగా కూర్చుందా, ట్రాక్‌కు, చక్రాలకు తగలకుండా ఉందా? సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు రన్నింగ్ బోర్డుకు (కాళ్లు పెట్టుకునే పలకకు) గానీ సస్పెన్షన్ ముందు ఆర్మ్‌కు గానీ కొట్టుకుంటుందా? మూడోదాన్ని వదిలేయడమే మామూలుగా జరిగే పొరపాటు. స్టాండు మీద సస్పెన్షన్ వేలాడుతూ ఉంటుంది కాబట్టి అంతా ఖాళీగా కనిపిస్తుంది. ట్రైల్ మీద మొదటి పెద్ద గుంతలో తీగ టన్నెల్‌ను కొడుతుంది. ర్యాచెట్ స్ట్రాప్‌తో సస్పెన్షన్‌ను బిగించి లాగి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

గుర్తు పెట్టాక ముందు 3 మి.మీ. బిట్‌తో చిన్న రంధ్రం, తర్వాత బోల్టు సైజుకు పెద్దది. హైఫాక్స్ కూర్చునే గాడికి పైనే వేయాలి, ఆ గాడిలోకి బిట్ దిగకూడదు. పాత రంధ్రాలకు మరీ దగ్గరగా వేస్తే రెయిల్ అక్కడే పగులుతుంది. కొన్ని బండ్లకు కంపెనీవాళ్లే రంధ్రం వదిలి ఉంచుతారు, ముందు అది వెతకండి. రంధ్రం అంచులు ఆకురాయితో నునుపు చేసి, వాషరూ నైలాక్ నట్టూ వేసి కాగితంలో చెప్పిన టార్క్‌కు బిగించండి. రెయిల్ అల్యూమినియం కాబట్టి బలం కొద్దీ బిగిస్తే నొక్కుకుపోతుంది.

తర్వాత ట్రాక్‌ను చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. ఎక్కడా తీగకు తగలకూడదు. స్టాండు మీద ఇంజన్‌తో తిప్పేటప్పుడు వెనక ఎవరినీ నిలబడనివ్వకండి. ఊడిన స్టడ్డో రాయో తూటాలా వస్తుంది. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత నట్లు ఇంకోసారి చూసుకోండి.

ఎప్పుడు దించాలి, ఎప్పుడు ఎత్తాలి?

బూటు మడమతో ట్రైల్‌ను గట్టిగా తన్నండి. పొడి లేవకపోతే దించేయండి, బండి కదలకముందే. ముల్లు పైకెక్కాక దించుదామనుకుంటే అప్పటికే హైఫాక్స్ కొంత పోయి ఉంటుంది.

తారు రోడ్డు దాటేటప్పుడు, చెక్క వంతెనలు, రైలు పట్టాల దగ్గర, ట్రెయిలర్ ఎక్కించేటప్పుడు ఎత్తండి. ట్రెయిలర్ మీద దించి ఉన్న స్క్రాచర్‌ను మరిచి, దిగేటప్పుడు బండిని వెనక్కి లాగడం చాలామందికి జరిగే నష్టం. లోతైన పొడి మంచులోకి వెళ్లాక కూడా ఎత్తడం మంచిది. అక్కడ వాటితో పని లేదు, కింద దాగిన కొమ్మలకు చిక్కుకుంటాయి.

పని చేస్తున్నాయని ఎలా తెలుస్తుంది?

రెండు మూడు కిలోమీటర్లు పోయాక సురక్షితమైన చోట ఆగి, ఇంజన్ ఆపి, రన్నింగ్ బోర్డు కింద వేళ్లు పెట్టి చూడండి. హీట్ ఎక్స్చేంజర్ అడుగు తడిగా, తురుము అంటుకుని ఉండాలి. పొడిగా, వేడిగా ఉంటే తురుము అక్కడిదాకా చేరడం లేదన్నమాట. వెనక రెండు గీతలూ ఒకే లోతులో ఉన్నాయా చూడండి. ఒకటి లేకపోతే ఆ వైపుది కొక్కెంలో గడ్డకట్టి ఉండొచ్చు, లేదా విరిగి ఉండొచ్చు.

టెంపరేచర్ వార్నింగ్ వెలిగింది. ఇప్పుడేం చేయాలి?

ట్రైల్ పక్కన అనుమతి ఉన్న చోట వదులు మంచు ఉంటే, మెల్లగా అందులోకి దింపి కొన్ని వందల మీటర్లు నడపండి. ముల్లు సాధారణంగా చకచకా దిగుతుంది. వదులు మంచు దగ్గర్లో లేకపోతే ఆగి ఇంజన్ ఆపేయండి. ఆన్‌లో ఉంచి చల్లారనిద్దామనుకోవడం పొరపాటు. ట్రాక్ తిరగడం లేదు, మంచు లేవడం లేదు, వేడి మాత్రం పుడుతూనే ఉంది. రన్నింగ్ బోర్డుల మీద, టన్నెల్ కింద ఎక్స్చేంజర్ల దగ్గర చేత్తో మంచు వేయండి. వేడి ఇంజన్ మీద వేయకూడదు. కూలెంట్ మూత తెరవనే వద్దు, ఒత్తిడితో ఉన్న ద్రవం చెయ్యీ ముఖం కాల్చేస్తుంది.

స్క్రాచర్లు దించి ఉండి, ట్రైల్ మీద పొడి లేస్తూ ఉన్నా లైటు వెలుగుతుంటే కారణం వేరు. కూలెంట్ తగ్గిందా, లైన్‌లో గాలి చిక్కుకుందా, థర్మోస్టాట్ మూసుకుపోయిందా, పంపు ఆగిందా చూడాలి. అలాంటి బండిని స్క్రాచర్ల మీద భారం వేసి నడపకండి.

గడ్డకట్టిన సరస్సు మీద మంచే లేకపోతే?

ఆ పరిస్థితిలో మంచి స్క్రాచర్లు కూడా సగం పనే చేస్తాయి. నున్నటి నల్ల ఐసు మీద కొన గీత గీస్తుంది కానీ లేచే తురుము చాలా కొద్ది. వేగం తగ్గించండి, ఒడ్డు వెంట గాలికి పోగైన మంచు పట్టీలు కనిపిస్తే వాటి మీదుగా పోండి, మధ్యమధ్య ఆగండి. ఐసు మందం స్థానికంగా కనుక్కోకుండా సరస్సు మీదికి అసలే వెళ్లొద్దు.

గ్రాఫైట్ హైఫాక్స్, అదనపు చక్రాలు పెడితే స్క్రాచర్లు మానేయొచ్చా?

మానలేరు. గ్రాఫైట్ కలిపిన పట్టీలు రాపిడి కొంత తగ్గిస్తాయి, కరగకుండా ఆపవు. అదనపు చక్రాలు మాత్రం నిజంగా ఉపయోగం. రెయిల్ మీద ఒక జత పెరిగితే ఆ చోట హైఫాక్స్ మీది భారం చక్రాలకు మారుతుంది. మౌంటెన్ బండితో ట్రైల్ ఎక్కువ తిరిగితే ఇవి పెట్టించుకోండి. కానీ చక్రాలు టన్నెల్‌కు మంచు విసరవు, ఇంజన్ వేడి అలాగే ఉంటుంది. ట్రాక్ టెన్షన్ కూడా చూడండి. మరీ బిగువుగా ఉంటే ఎన్ని పెట్టినా హైఫాక్స్ అరుగుతూనే ఉంటుంది.

అద్దెకు తీసుకున్న బండి అయితే?

అమెరికా, కెనడాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లు వారాంతాల్లో స్నోమొబైల్ అద్దెకు తీసుకోవడం మామూలే. తాళం తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. స్క్రాచర్లు ఉన్నాయా, ఎత్తి తగిలించే కొక్కెం ఎక్కడ, రివర్స్‌లో దించి ఉంచవచ్చా. ఆ కొక్కెం అక్కడే ఒకసారి మీ చేత్తో పెట్టి తీసి చూడండి. దారి మధ్యలో మంచు చేతితొడుగులతో మొదటిసారి వెతుక్కోవడం కష్టం. గుల్మార్గ్‌లో లాగా డ్రైవరు వెంట ఉండే షికారు అయితే ఇవన్నీ అతను చూసుకుంటాడు.

ఎప్పుడు మార్చాలి?

కొనలో బూడిద రంగు కార్బైడ్ ముక్క కనిపించినంతకాలం వాడొచ్చు. అది రాలిపోయి ఉత్త తీగే నేలకు తగులుతుంటే కొద్ది ప్రయాణాల్లోనే అరిగి పొట్టిదైపోతుంది. కాయిల్ దగ్గర సన్నటి పగులు, తుప్పు గీత కనిపిస్తే వెంటనే తీసేయండి, నడుస్తుండగా విరిగితే ఆ ముక్క ట్రాక్‌లోకే పోతుంది. కేబుల్ పోగులు విచ్చుకుంటే కూడా అంతే. ఒకవైపుదే పోయినా జతగా మార్చండి. పాతదాని ఒత్తిడీ కొత్తదాని ఒత్తిడీ ఒకటి కావు. హైఫాక్స్‌కు చాలా మోడళ్లలో అరుగుదల గీత పోతపోసి ఉంటుంది. రెయిల్ పొడవునా దాన్ని చూడండి, ముఖ్యంగా ముందు వంపు దగ్గర, అన్నిటికంటే ముందు అక్కడే అరుగుతుంది. కొత్త పట్టీలు వేశాక మొదటి ప్రయాణం వదులు మంచులోనే చేయండి.